కాలనీల పునరుద్ధరణలో నివాసుల మాట చెల్లవలె

వేతనం, కరువుభత్యం, పింఛను, ఖాళీల భర్తీ - మన కోర్కెల పత్రంలో ఇవి ముందు వరుసలో నిలుచుట సహజం. కాని డ్యూటీ ముగిసిన పిదప కార్మికుడు ఏ కప్పు క్రిందికి చేరుచున్నాడు, రాత్రియంతా ఇంజను నడిపి వచ్చిన లోకో పైలట్ మే నెల పగటివేళ ఏ గదిలో కునుకు తీయవలసి ఉన్నది అను ప్రశ్న మాత్రం ఆ పత్రం చివర ఒక్క పంక్తితో ముగియుచున్నది. దేశమంతటా ప్రభుత్వోద్యోగుల పాత కాలనీల భవిష్యత్తు నిర్ణయమగుచున్న ఈ తరుణంలో ఈ ఉపేక్ష తగదు.

పాత కాలనీని కూల్చవలెనా, బాగుచేయవలెనా? ఏది చేసినను, నిర్ణయించునది ఎవరు? ఈ రెండు ప్రశ్నలు నేడు మన ముందున్నవి.

కూల్చివేత మార్గం ఎట్టిదో ఢిల్లీలో చూచితిమి. 2016 జూలైలో కేంద్ర మంత్రివర్గం సరోజినీ నగర్, నేతాజీ నగర్, నౌరోజీ నగర్ మొదలైన ఏడు ఉద్యోగుల కాలనీలను కూల్చి తిరిగి కట్టుటకు ఆమోదం తెలిపినది. నిర్మాణ వ్యయాన్ని రాబట్టుటకై నౌరోజీ నగర్ స్థలం వాణిజ్య భవనాల పాలయినది. వేలాది చెట్లు నరకబోవుచున్నారని తెలిసి 2018 జూన్‌లో నగర పౌరులు వృక్షాలను కౌగిలించుకొని నిలిచిరి. హైకోర్టు జోక్యం చేసుకొని నరికివేతను ఆపినది. కోర్టు మెట్లెక్కవలసి వచ్చిన ఆ సంగతులు, నివాసులను ముందుగానే పిలిచి మాట్లాడియున్నచో, బల్ల మీదనే తేలియుండెడివి. రైల్వేలలో సయితం రైల్వే భూముల అభివృద్ధి ప్రాధికార సంస్థ కాలనీల స్థలాలలో కొంత భాగాన్ని ప్రైవేటు నిర్మాతలకు లీజుకిచ్చి, మిగిలిన భాగంలో కొత్త క్వార్టర్లు కట్టించు పద్ధతిని అనుసరించుచున్నది. కనుక ఇది ఢిల్లీకి పరిమితమైన సమస్య కాదు.

ఈ ప్రశ్నను పరిశీలించుటకు జంషెడ్పూరును మించిన ఊరు లేదు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ వెలసిన ఈ ఉక్కునగరం కార్మికుల నివాసానికై కాగితం మీద గీసి కట్టిన పట్టణం. ఫ్యాక్టరీలో 1912లో మొదటి ఉక్కు తయారైనది. పట్టణానికి తొలి ప్రణాళిక అమెరికాలోని పిట్స్‌బర్గ్ ఇంజనీర్లు గీసిరి. 1920 ప్రాంతంలో ఎఫ్.సి. టెంపుల్, 1930 దశకంలో స్టోక్స్, 1940 దశకం మధ్యలో జర్మనీ నుండి వచ్చిన వాస్తుశిల్పి ఓటో కోనిగ్స్‌బర్గర్ వరుసగా కొత్త ప్రణాళికలు సిద్ధపరచిరి. వాననీరు సహజంగా పారు పల్లములను పూడ్చక, వాటిని అనుసరించి వీధులను, ఖాళీ స్థలాలను తీర్చవలెనని టెంపుల్ భావించెను. బడి, బజారు, ఆటస్థలం కాలినడక దూరంలో ఉండునట్లు నగరాన్ని పేటలు పేటలుగా విభజించవలెనని కోనిగ్స్‌బర్గర్ సూచించెను. ఇవి మంచి ఆలోచనలే. కాని నాలుగు ప్రణాళికలును యాజమాన్యం పిలిపించిన నిపుణుల చేతి గీతలే. కార్మికులు తమ గొంతు వినిపించుటకు సంఘం పెట్టుకొనవలసి వచ్చినది: 1920 సమ్మె కాలంలో పుట్టిన జంషెడ్పూరు లేబర్ అసోసియేషన్, 1928 సమ్మె, తదుపరి సుభాష్ చంద్ర బోస్ నాయకత్వం, 1937లో టాటా వర్కర్స్ యూనియన్ - ఇది ఆ క్రమం.

ఆ లోటు నేటికిని తీరలేదు. 74వ రాజ్యాంగ సవరణ పట్టణాలకు ఎన్నికైన పురపాలక సంఘాలను ఏర్పరచినది. కాని పరిశ్రమయే నగరసేవలు నడుపు చోట పారిశ్రామిక నగరంగా ప్రకటించి, పురపాలక సంఘం లేకుండ ఉంచవచ్చునన్న మినహాయింపు కూడ అందులోనే ఉన్నది. జంషెడ్పూరు విషయమై ఏండ్ల తరబడి న్యాయస్థానాలలో వ్యాజ్యం నడచినది. 2023 డిసెంబరులో జార్ఖండ్ ప్రభుత్వం దానిని పారిశ్రామిక నగరంగా నోటిఫై చేసినది. నీరు, విద్యుత్తు, పారిశుద్ధ్యం బాగున్నవని పేరు తెచ్చుకొన్న ఊరిలో వాటిని గురించి నిర్ణయించు సభకు సభ్యులను ఎన్నుకొను ఓటు పౌరునికి లేదు. తరతరాలుగా అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకును, టాటానగర్ స్టేషను చెంత లోకో కాలనీ, ట్రాఫిక్ కాలనీలలో నివసించు రైల్వే సోదరులకును ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

కోనిగ్స్‌బర్గర్ కథలో మనకు మరియొక పాఠమున్నది. స్వాతంత్ర్యానంతరం ఆయన కేంద్ర ప్రభుత్వ గృహనిర్మాణ డైరెక్టరుగా నియమితుడై, దేశ విభజనతో నిలువనీడ కోల్పోయిన శరణార్థులకు త్వరితగతిన ఇండ్లు సమకూర్చుటకు ఢిల్లీలోని జంగ్‌పురాలో ప్రభుత్వ గృహ కర్మాగారాన్ని తలపెట్టెను. గోడలను ఫ్యాక్టరీలో అచ్చుపోసి, స్థలానికి తెచ్చి నిలబెట్టవలెనన్నది పథకం. కాని ఆ తేలిక కాంక్రీటు పలకలు గట్టిగ నిలువలేదు. పథకం విమర్శల పాలై, ఆయన 1951లో దేశం విడిచి వెళ్ళెను. ఉష్ణదేశాలలో గృహనిర్మాణం అక్కడి ఎండను, గాలిని, వానను బట్టి సాగవలెనని బోధించు ప్రసిద్ధ గ్రంథమును 1970 దశకంలో ఇతరులతో కలసి వెలువరించినది ఆయనయే. ఫ్యాక్టరీ ఇల్లు తప్పు కాదు. స్థానిక వాతావరణంలో పరీక్షింపక, అందు నివసించువారిని అడుగక తొందరపడి కట్టుట తప్పు.

ఇప్పుడు అచ్చుపోసిన ఇండ్లు మరల వచ్చుచున్నవి. 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగిన ఆరు లైట్ హౌస్ ప్రాజెక్టులలో ఒకటి జార్ఖండ్ రాజధాని రాంచీలోనిదే. గదిని గదిగా కాంక్రీటులో అచ్చుపోసి, ఒకదానిపై నొకటి పేర్చు పద్ధతిలో అక్కడ 1,008 ఇండ్ల నిర్మాణం తలపెట్టిరి. వేగం మంచిదే. అయితే పలకల నడుమ అతుకులు కారకుండ కాపాడునది ఎవరు, పై అంతస్తువాని కప్పు వేడికి బాధ్యత ఎవరిది, ఇరువది ఏండ్ల పిదప మరమ్మతు నిధి ఎక్కడిది - ఇవి తాళపుచెవులు అందుకొనుటకు ముందే అడుగవలసిన ప్రశ్నలు.

కాంక్రీటు కాలనీల జబ్బులు మనకు తెలిసినవే. పగలంతా ఎండను త్రాగిన కప్పు రాత్రియంతా ఆ వేడిని గదిలోనికి వదలును. అతుకుల గుండా, పగుళ్ళ గుండా నీరు చేరి లోపలి ఇనుప కడ్డీ తుప్పుపట్టి ఉబ్బును. ఉబ్బిన కడ్డీ పైనున్న కాంక్రీటును పెచ్చులుగ రాల్చును. చుట్టును సిమెంటు పరచుటచే వాననీరు భూమిలోనికి ఇంకక క్రింది ఇండ్లలోనికి వచ్చును. వేసవిలో బోరు ఎండును. ఈ జబ్బులలో చాల వాటికి కూల్చివేత అవసరం లేదు. కప్పుపై వేడిని త్రిప్పికొట్టు తెల్లని పూత లేక పింగాణీ ముక్కల పరుపు, కిటికీలపై నీడపట్టు, అతుకుల మరమ్మతు, పడమటి దిక్కున చెట్లు, వాననీటికి ఇంకుడు గుంటలు - ఇవి మన మేస్త్రీలు చేయగల పనులే. జంషెడ్పూరు ప్రాంతంలో సాలీనా సుమారు 1200 మిల్లీమీటర్ల వాన కురియును. 200 చదరపు మీటర్ల కప్పుగల ఒక్క బ్లాకుపై పడు నీరు 2 లక్షల 40 వేల లీటర్లు. అది నేడు మురుగు కాలువ పాలగుచున్నది. పైగా నిలిచియున్న భవనాన్ని కూల్చుటయనగా అందులో ఇదివరకే వెచ్చించిన ఉక్కును, సిమెంటును, వాటి వెనుకనున్న బొగ్గును, శ్రమను శిథిలాల గుట్టలో పోయుటయే. ఉక్కు పోసిన చేతులకు దాని విలువ తెలియును.

ఇది కలగాదనుటకు విదేశాలలో నిదర్శనాలున్నవి. స్వీడన్‌లోని మాల్మో నగరంలో ఆగస్టెన్‌బోర్గ్ అను కాలనీ 1950 ప్రాంతంలో కట్టబడినది. వాన వచ్చినప్పుడెల్ల నేలమాళిగలు మునిగెడివి. 1998 నుండి దానిని కూల్చక బాగుచేసిరి. నీటిని గొట్టాలలో దాచక తెరపి కాలువల ద్వారా చెరువులకు మళ్ళించిరి. కప్పులపై పచ్చిక పెంచిరి. ఏ కాలువ ఎటు పోవలెనో, పిల్లల ఆటస్థలం ఎచట ఉండవలెనో నివాసులతో చర్చించి నిర్ణయించిరి. 2014 ఆగస్టులో మాల్మోపై కుంభవృష్టి కురిసినప్పుడు పరిసర ప్రాంతాలతో పోల్చిన ఆ కాలనీకి కలిగిన నష్టం స్వల్పం. ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో 1960 దశకపు మూడు భవనాలలోని 530 ఫ్లాట్లకు, ఒక్క కుటుంబాన్నైనను ఖాళీ చేయించకుండ, ముందువైపు విశాలమైన గాజు వసారాలు అమర్చిరి. ఆ పనికి 2019లో ఐరోపా వాస్తు పురస్కారం లభించినది. ఈ రెండు చోట్లను నివాసులు ఇంటి యజమానులు కారు, అద్దెదారులు. యాజమాన్య హక్కు లేనివానికి నిర్ణయంలో పాలెందుకని అడుగువారికి ఇది చాలిన సమాధానం.

మనము ఉచితంగా ఉండుచున్నామా? జంషెడ్పూరు ఇంటి అద్దె భత్యం విషయంలో 'వై' తరగతి నగరం. ఏడవ వేతన సంఘం పద్ధతిలో 2024 జనవరి నుండి అక్కడి రేటు మూలవేతనంలో 20 శాతం. 35,400 రూపాయల మూలవేతనం గల ఉద్యోగి క్వార్టరు తీసుకొన్నచో నెలకు 7,080 రూపాయలు, అనగా ఏడాదికి దాదాపు 85 వేలు వదులుకొనుచున్నాడు. లైసెన్సు ఫీజు దానిపై అదనం. ఒక్క బ్లాకులోని కుటుంబాలు ఏటా వదులుకొను సొమ్మును కూడి చూచిన క్వార్టరు దయాదానం కాదని, మరమ్మతు యాచన కాదని స్పష్టమగును. బాగుచేయక ఖాళీగ పడియున్న తపాలా క్వార్టర్లను చూచిన మన పోస్టల్ సోదరులకు ఈ లెక్క మరింత బోధపడును.

ఒక్క ఆక్షేపణను మాత్రం నిజాయితీగ ఎదుర్కొనవలెను. ఉద్యోగి బదిలీపై వచ్చును, బదిలీపై పోవును. మూడేండ్లకు పోవువాడు ముప్పది ఏండ్ల చెట్టు నాటునా అని అధికారులందురు. ఇందులో కొంత నిజమున్నది. మనలోనే కొందరు కాలనీ సమావేశానికి రాక, కాలువలో చెత్త పోసి, తప్పంతా ఇంజనీరింగ్ శాఖపై నెట్టుచున్నారు. కాని మనిషి మారినను కాలనీ నిలుచును. యూనియన్ బ్రాంచి నిలుచును. నాటినవాడు పోయినను నీడ అనుభవించువాడు మన సోదరుడే. నేడు లోకో షెడ్డులో మనము వాడుకొను ప్రతి హక్కును మనకు పూర్వులు తమకై కాక మనకై సంపాదించిరి కదా!

మరియొక మాట. కాలనీ గోడకు ఆవల బస్తీలో ఉండు కాంట్రాక్టు కార్మికుడు మనతోబాటే చెమటోడ్చుచున్నాడు. అతనికి క్వార్టరు లేదు. మన కాలువ అతని వాకిటిలోనికి పారినచో అది పునరుద్ధరణ కాదు. నీరు, నీడ, మురుగు - ఇవి గోడ ఎరుగవు. మన కోర్కెలో అతనికి చోటుండవలెను.

కనుక ఈ క్రింది కోర్కెలను మన బ్రాంచీలన్నియు చర్చించి తీర్మానించవలెనని కోరుచున్నాము:

1. ఏ కాలనీనైనను కూల్చుటకు ముందు, బాగుచేయుటకగు ఖర్చును, కూల్చి కట్టుటకగు ఖర్చును ప్రక్కప్రక్కన చూపు నివేదికను నివాసుల భాషలో ప్రకటించవలెను.

2. నివాసుల సర్వసభ్య సమావేశం అంగీకారం లేనిదే స్థలాన్ని లీజుకివ్వరాదు, చెట్లు నరకరాదు. గృహిణులకు, వృద్ధులకు ఆ సభలో మాట, ఓటు ఉండవలెను. పగలంతా ఆ ఇంట ఉండువారు వారే.

3. రైల్వేలలోని కాలనీ కేర్ కమిటీలను కేవలం ఫిర్యాదుల పుస్తకంగా గాక, ఏటి మరమ్మతు నిధిలో ప్రాధాన్యాలను నిర్ణయించు సంఘాలుగా చేయవలెను. తపాలా కాలనీలలోను అట్టి కమిటీలు ఏర్పడవలెను.

4. కొత్తగ అచ్చుపోసిన బ్లాకులు కట్టు చోట, మొదట ఒక్క బ్లాకు కట్టి, ఒక వేసవి, ఒక వానకాలం అందు కాపురముండి చూచిన పిదపనే మిగిలినవి కట్టవలెను.

5. పని జరుగునంత కాలం ఏ కుటుంబమును పిల్లల బడికి దూరంగ తరలించరాదు.

ఈ కోర్కెలకు కొత్త చట్టం అవసరం లేదు. రైల్వేలలో 1952 నుండి శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం, 1966 నుండి ప్రభుత్వోద్యోగులందరికి సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం ఉన్నవి. ఆ బల్లల వద్ద వేతనముతో సమానంగ వాసమును కూడ చర్చకు పెట్టుట మన చేతిలోనిది. ప్రతి బ్రాంచి ముందుగ తన కాలనీలో ఇంటింటికి తిరిగి కారుచున్న కప్పులు, మూసుకొనిన కాలువలు, నిలిచియున్న చెట్లు, ఖాళీ క్వార్టర్లు లెక్కవేసి జాబితా వ్రాయవలెను. ఆ జాబితాయే మన మొదటి ప్రణాళిక. నూరేండ్ల క్రితం జంషెడ్పూరు కార్మికునికి అతని ఊరి పటం చూపినవారు లేరు. ఈసారి పటం గీయునప్పుడు పెన్సిలు పట్టువారిలో మనమును ఉండవలెను.