ఎండుచేపల విలువ

సోదరీమణులారా, మా యింట మత్స్యము వండు నాచారము లేదు. అయినను మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పెక్కు కుటుంబములకు బలమిచ్చు పదార్థమునుగూర్చి మేము ముక్కు మూసికొని యూరకుండుట ధర్మము గాదని యీ మాసము దానినే ముచ్చటింపబూనితిమి.

కొత్తపట్నపు సముద్రతీరమునకు మార్కాపురము 100 కిలోమీటరులకు పైబడిన దూరము. కంభము చెరువు నిండిన యేట మంచినీటి చేప దొరకును. చెరువెండిన యేట సంతలోని గంపయే గతి. నెత్తళ్ళు, రొయ్యపొట్టు, ఉప్పుచేప, వీనికి మంచుగడ్డతో బనిలేదు, వారములకొలది నిలుచును. తీరమున వీని నెండబెట్టి గంపల కెత్తువారు చాలవఱకు స్త్రీలే.

పెద్ద రొయ్య దారి వేఱు. అది చెరువునుండి మంచులోనికి, అందుండి శీతలగిడ్డంగికి, పిదప నోడనెక్కి పరదేశమునకు బోవును. 2025 ఆగస్టులో అమెరికా మన సరకులపై సుంకమును 50 శాతమునకు బెంచగా రొయ్యల ధర క్రుంగెను. స్వదేశీయులును రొయ్యలు తినవలెనను మాట యప్పుడు మన ప్రభుత్వమువారి నోట బిగ్గఱగా వినవచ్చెను. అంతవఱకు మనము గుర్తునకు రాలేదు కాబోలు! అంతకన్న విచారకరమేమనగా, పేదలు తినదగిన చిన్నచేపలలో గొంత పొడియై యా రొయ్యలకే మేతయగుచున్నది.

2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15–49 యేండ్ల స్త్రీలలో 58.8 శాతమునకు రక్తహీనత కలదని తేలినది. చేపమాంసము జొన్నలు, ఆకుకూరలలోని యినుమును దేహమునకు బట్టించును. నెత్తళ్ళ నెముకలతోనే తిందురు గనుక కాల్షియమును లభించును. కాని యీ ముక్క లెవరి కంచమునకు జేరుచున్నవి? మొదట మగవారికి, పిదప బిడ్డలకు. కడపట గూర్చుండు కోడలికి పులుసు మాత్రమే మిగులును. ఆమె గర్భిణియైనను నింతే! అత్తగారలారా, గరిటె మీ చేతిలోనున్నది. ఆమెకే ముందు వడ్డింపుడు.

ఇసుకపై నెండినవానికంటె బల్లలపై నెండినవి మేలు. తలలు త్రుంచి, వేడినీట నానబెట్టి, ఇసుక పోవువఱకు రెండుమూడు మాఱులు కడుగవలెను. ఉప్పుచేప పులుసునకు వేఱుగ నుప్పు వలదు. రక్తపుపోటు కలవారు దానిని మానుటయే మంచిది. చేతికి చెమ్మ తగిలినను, బూజు కనబడినను, ఎంత చవుకయైనను గంపలోనే విడిచి రండు.