మిగిలిన హోటలు ఖర్చు ఎవరిది?

"హైదరాబాదులో మనోళ్లుండగా హోటలెందుకు, దండగ" అంటారు మగవాళ్లు. ఆ మిగిలిన డబ్బు ఎవరి నడుము విరిగి మిగిలిందో లెక్క చూసినారా?

మొన్న సెలవుల్లో పద్నాలుగు మందిమి కడపలో వెంకటాద్రి ఎక్కి, పొద్దున్నే కాచిగూడలో దిగి, మా మరిది ఇంటికి పోయినాం. రెండు గదుల ఇల్లు. మరుసటి రోజు నాలుగు గంటలకే నా తోడికోడలు పొయ్యి వెలిగించింది. ఉగ్గాని, బజ్జీ, మధ్యాహ్నానికి కట్టుకుపోను చిత్రాన్నం. నేను ఎర్రగడ్డలు తరిగినాను. ముందు చార్మినారా, గోల్కొండా అని మగవాళ్లు కాఫీ మీద కాఫీ తాగుతూ వాదించుకున్నారు.

ఆమె మాత్రం రాలేదు. రాత్రి వంట ఉందంట.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటగంటకూ బొమ్మమనిషి బయటికొచ్చి గంట కొట్టే గడియారం చూసి, ఇంటికొచ్చి ఆమెకు చెప్పినా. "పన్నెండేండ్లుగా ఈడే ఉన్నా, ఒక్కసారీ చూడలేదక్కా" అనింది. మా ఆయనకు చెబితే "ఆమెకు అలవాటేలే" అన్నాడు. రెండు పూటలు బయట తిని, వండే మనిషిని కూడా ఆటో ఎక్కిస్తే చుట్టరికం చెడుతుందా?

నేను మాత్రం ఏం చేసినా? ఒంటిమిట్ట రాములవారి కల్యాణం రాత్రిపూట, వెన్నెల్లో. గుడి మా ఇంటికి నడిచిపోయే దూరం. ఇరవై ఏండ్లలో కండ్లారా చూసింది రెండుసార్లే. తక్కినవన్నీ చుట్టాలకు తిరగవాత పెడుతూ టీవీలో విన్నవే.

ఈసారి తోడికోడలికి ముందే ఫోన్ చేసి చెప్పినా. "రామ్మా. ఆ రాత్రి మా ఇంట్లో పొయ్యి వెలగదు."