టీచరు చూసింది డాక్టరు దాకా చేరుతోందా?

పదో తరగతి పరీక్ష ఫీజు కట్టే రోజులు దగ్గరపడితే చాలు, కొన్ని ఇళ్లలో కొత్త హడావిడి మొదలవుతుంది. 'మావాడికి డిస్లెక్సియా ఉందంటున్నారు. సర్టిఫికెట్ ఉంటే పరీక్షలో అదనపు సమయం ఇస్తారట' అంటూ తల్లిదండ్రులు సైకాలజిస్టుల దగ్గరికి, ప్రభుత్వ ఆస్పత్రులకు పరుగులు తీస్తారు. అక్కడ ఎదురయ్యే మొదటి ప్రశ్న 'బడిలో ఎలా ఉంటాడు? ఎప్పటి నుంచి ఈ ఇబ్బంది?' అన్నదే. జవాబుగా చూపించడానికి చాలామంది దగ్గర ఉండేది ప్రోగ్రెస్ కార్డు. అందులో మార్కులుంటాయి. కింద 'ఇంకా శ్రద్ధ పెట్టాలి' అని ఒక ముక్క ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ బిడ్డను రోజూ చూసిన టీచర్ల అనుభవమంతా ఆ ఒక్క ముక్కలో ఆవిరైపోతుంది.

ఇది చిన్న లోపం కాదు. బిడ్డకు దక్కాల్సిన హక్కు ఆలస్యం కావడానికీ, ఒక్కోసారి అసలు దక్కకపోవడానికీ ఇదే కారణమవుతోంది.

చట్టం ఏం చెబుతోంది?

దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ ఒకటి. చదవడంలో ఇబ్బంది (డిస్లెక్సియా), రాయడంలో ఇబ్బంది (డిస్‌గ్రాఫియా), లెక్కల్లో ఇబ్బంది (డిస్కాల్కులియా) దీని కిందికే వస్తాయి. వీటిని వీలైనంత త్వరగా గుర్తించి, బోధనలో తగిన మార్పులు చేసే బాధ్యతను చట్టంలోని 16వ సెక్షన్ విద్యాసంస్థలపైనే పెట్టింది.

2018 జనవరిలో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకాస్త వివరంగా చెప్పాయి. మూడో తరగతిలో గానీ, ఎనిమిదేళ్ల వయసులో గానీ, ఏది ముందైతే అప్పుడు టీచర్లే ప్రాథమిక స్క్రీనింగ్ చేయాలి. ప్రభుత్వ బడి అయినా, ప్రైవేటు బడి అయినా ప్రిన్సిపల్ నాయకత్వంలో స్క్రీనింగ్ కమిటీ ఉండాలి. అనుమానం ఉన్న పిల్లల్ని ఆ కమిటీయే పరీక్షలకు పంపాలి. ఆ తర్వాత పిల్లల వైద్యుడు చూపు, వినికిడి, నాడీ సంబంధ పరీక్షలు చేస్తారు. సైకాలజిస్టు తెలివితేటల పరీక్ష, చదువు సామర్థ్య పరీక్ష చేస్తారు. ఈ మార్గదర్శకాలను 2024 మార్చిలో సవరించారు కాబట్టి, వయసు, గడువు వంటి వివరాలు ఆస్పత్రిలో అడిగి ఖరారు చేసుకోవాలి.

టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ 2022లో 'ప్రశస్త్' అనే స్క్రీనింగ్ యాప్ కూడా తెచ్చింది. మొదటి భాగం క్లాసు టీచరు నింపాలి. రెండో భాగం స్పెషల్ ఎడ్యుకేటర్ లాంటివారు నింపాలి. అంటే దారి ఉంది. ఆ దారిలో ఎన్ని బడులు నడుస్తున్నాయన్నదే ప్రశ్న. మీ పిల్లల బడిలో స్క్రీనింగ్ కమిటీ ఉందో లేదో ఒక్కసారి అడిగి చూడండి.

అరగంటలో కనిపించనిది

సైకాలజిస్టు గది ప్రశాంతంగా ఉంటుంది. ఎదురుగా ఒక్కరే ఉంటారు, ఓపిగ్గా అడుగుతారు. అక్కడ చక్కగా జవాబు చెప్పిన పిల్లవాడే నలభై మంది ఉన్న క్లాసులో బోర్డు మీది నాలుగు వాక్యాలు ఎక్కించుకునేలోపు గంట కొట్టేస్తారు. నోటితో పాఠమంతా అప్పజెప్పినవాడు పేపరు మీద సగం కూడా రాయలేడు. ఆ తేడా రోజూ చూసేది టీచరే.

మన పిల్లల విషయంలో మరో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్. ఇంగ్లిష్‌లో తప్పులు చేస్తుంటే అది భాష అలవాటు కాకపోవడమా, అభ్యసన వైకల్యమా? తెలుగు టీచరును అడిగితే కొంత స్పష్టత వస్తుంది. గుణింతాలు కలగలిసిపోవడం, ఒత్తులు వదిలేయడం, చూసి రాసేటప్పుడు కూడా అక్షరాలు జారిపోవడం ఐదో తరగతిలోనూ కొనసాగుతుంటే డాక్టరుకు చెప్పాల్సిన సంగతే. ఇంగ్లిష్‌లో మాత్రమే తడబడుతూ తెలుగు ధారాళంగా చదువుతుంటే ఆలోచించాల్సిన తీరు వేరు.

అమెరికాలో ఏం అడుగుతారు?

టీచరును ఎలా అడగాలో చెప్పడానికి అమెరికా పద్ధతి మంచి ఉదాహరణ. అక్కడ ఆదాయం తక్కువగా ఉన్న కుటుంబాల్లోని వైకల్యమున్న పిల్లలకు సప్లిమెంటల్ సెక్యూరిటీ ఇన్‌కమ్ పేరుతో నెలనెలా సాయం అందుతుంది. దరఖాస్తు వచ్చాక వైద్య రికార్డులతో పాటు, బడికి వెళ్లే పిల్లల విషయంలో టీచరుకు ఒక ప్రశ్నావళి పంపుతారు.

అందులో 'ఈ బిడ్డకు జబ్బుందా?' అని అడగరు. ఎంతకాలంగా తెలుసు, ఏ సబ్జెక్టు చెబుతారు, చదవడం, లెక్కలు, రాయడంలో ఏ తరగతి స్థాయిలో ఉన్నాడు అని అడుగుతారు. నేర్చుకోవడం, ధ్యాస నిలిపి పని పూర్తి చేయడం, తోటివారితో మెలగడం, కదలికలు, తన పనులు తాను చేసుకోవడం వంటి అంశాల్లో అదే వయసున్న, వైకల్యం లేని పిల్లలతో పోల్చి ఒకటి నుంచి ఐదు వరకు అంకె వేయమంటారు. ఒకటి అంటే ఇబ్బంది లేదు. ఐదు అంటే చాలా తీవ్రం. నిర్ణయం మాత్రం టీచరుది కాదు. వైద్యుల నివేదికలతో కలిపి చూసి అధికారులు తేలుస్తారు.

మనం నేర్చుకోవాల్సింది ఈ తేడానే. జబ్బు పేరు చెప్పడం డాక్టరు పని. ఆ జబ్బు బిడ్డ రోజును ఎలా అడ్డుకుంటోందో చెప్పడం టీచరు పని.

ఆలస్యమైతే అనుమానం

పదో తరగతిలో, పరీక్షల ముంగిట వచ్చే సర్టిఫికెట్‌ను చూసి 'మార్కుల కోసమేనా?' అని అనుమానించేవాళ్లు ఉంటారు. ఆ అనుమానం నిజంగా ఇబ్బంది పడుతున్న బిడ్డకూ తగులుతుంది. మూడో తరగతి నుంచి టీచర్లు రాసిన రికార్డు ఉంటే దానికి మించిన జవాబు లేదు.

కోర్టులు ఈ హక్కును గట్టిగానే నిలబెట్టాయి. రాయడంలో ఇబ్బంది ఉన్నవారికి 40 శాతం వైకల్యం లేదన్న కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో చెప్పింది. 40 శాతం లోపు ఉన్నవారి కోసం 2022 ఆగస్టులో కేంద్రం విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. డిస్‌గ్రాఫియా ఉన్న విద్యార్థినికి నీట్‌లో అదనపు గంట ఇవ్వకపోవడం అన్యాయమని 2021 నవంబరులో సుప్రీంకోర్టు తప్పుబట్టింది. అయినా ఆమెకు మళ్లీ పరీక్ష పెట్టించలేదు. హక్కు ఉన్నా, సమయానికి అందకపోతే నష్టం బిడ్డదే.

టీచరు మాటకూ హద్దులున్నాయి

టీచరు రాసిందల్లా వేదం కాదు. అల్లరి చేసే పిల్లవాడు త్వరగా కంట పడతాడు. వెనక బెంచీలో నిశ్శబ్దంగా కూర్చునే ఆడపిల్ల ఇబ్బంది ఎవరి దృష్టికీ రాకపోవచ్చు. 'బద్ధకం', 'పొగరు' అన్న మాటలు పరిశీలన కిందికి రావు. అందుకే ఇద్దరు ముగ్గురు టీచర్ల మాట తీసుకోవాలి. తల్లిదండ్రులకు చెబితే నొచ్చుకుంటారని టీచర్లూ, పేరు పడిపోతుందని తల్లిదండ్రులూ మౌనంగా ఉండిపోవడం కూడా మామూలే. ఆ మౌనానికి మూల్యం పిల్లలు చెల్లిస్తారు.

మీరు చేయగలిగినవి

• ముందుగా చూపు, వినికిడి పరీక్షలు చేయించండి.

• క్లాసు టీచరును, భాష, లెక్కల టీచర్లను తేదీ వేసి రాసివ్వమని మర్యాదగా అడగండి. 'చదువులో వీక్' అని రాస్తే చాలదు. 'పది నిమిషాల్లో బోర్డు మీది ఎన్ని వాక్యాలు రాసుకుంటున్నాడు, మిగతా పిల్లలు ఎన్ని రాసుకుంటున్నారు' అన్నట్టు ఉండాలి.

• చేసిన సాయం, దాని ఫలితం కూడా రాయమనండి. ముందు బెంచీలో కూర్చోబెట్టాక, నోటితో పరీక్ష పెట్టాక మార్పు వచ్చిందా?

• పాత నోటుపుస్తకాలు, జవాబు పత్రాలు పారేయకండి. ఏడాదికి రెండు మూడు దాచండి.

• బడి మారేటప్పుడు ఈ కాగితాల నకళ్లు తీసుకోండి.

• సర్టిఫికెట్ వచ్చాక బోర్డు ఇచ్చే వెసులుబాట్లు, దరఖాస్తు గడువు తొమ్మిదో తరగతిలోనే తెలుసుకోండి. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం అదనపు సమయం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకు ఒక గంట.

ఈసారి పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లినప్పుడు మార్కుల గురించి అడిగాక ఇంకో ప్రశ్న కూడా అడగండి. 'మా అమ్మాయి క్లాసులో ఏ పని దగ్గర ఆగిపోతోంది టీచర్?' ఆ జవాబును ఒక కాగితం మీద రాయించుకోండి. రేపు డాక్టరు ముందు మీ బిడ్డ తరఫున మాట్లాడేది ఆ కాగితమే.