బెత్తం ఊరికే ఉండదు

ఉపాధ్యాయుడు బెత్తం పట్టుకుని తిరిగితే తప్పు లేదని, దాన్ని ఎప్పుడూ వాడనక్కర లేదని, అది కళ్లబడితే చాలు విద్యార్థులు చెడుదారి పట్టరని కేరళ హైకోర్టు 2025 మార్చిలో అభిప్రాయపడింది. బళ్లలోకి బెత్తం తిరిగి రావాలని ఎన్నాళ్లుగానో కోరుతున్నవారికి కొండంత అండ దొరికింది. ఫిర్యాదు అందీ అందగానే ఉపాధ్యాయుణ్ని అరెస్టు చేయకుండా ముందు ప్రాథమిక విచారణ జరపాలని అదే ఉత్తర్వు చెప్పింది. అందులో న్యాయం ఉంది. పేచీ అంతా ‘వాడనక్కర లేదు, ఉంటే చాలు’ అన్న వాదనతోనే.

వాడని బెత్తానికి ఏ పిల్లవాడూ భయపడడు. గోడకు వేలాడే పటం చూసి, మూలనున్న గ్లోబు చూసి ఎవరైనా జడుసుకుంటారా? బెత్తం చూడగానే ఒక పసివాడు బిగుసుకుపోయాడంటే, నిన్నో మొన్నో అది వాడి అరచేతి మీదో పక్కవాడి పిక్కల మీదో పడిందనే అర్థం. నాలుగు రోజులు పడకపోతే ఆ భయం కరిగిపోతుంది. దాన్ని నిలబెట్టాలంటే మళ్లీ ఎవరినో ఒకరిని కొట్టాల్సిందే. దెబ్బ లేని బెత్తాన్ని ఊహించి తీర్పులు రాయవచ్చు, తరగతి గదిలో మాత్రం అది కనిపించదు. అసలు ఈ మాట ఏ కేసులో వచ్చింది? ఆరో తరగతి పిల్లవాణ్ని బెత్తంతో కొట్టారన్న ఆరోపణ మీద ఉపాధ్యాయుడు పెట్టుకున్న ముందస్తు బెయిలు పిటిషన్‌లో!

తెలుగువారు ఈ విషయంలో ఊహల మీద ఆధారపడాల్సిన పని లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 3,000 మంది పిల్లల ఎదుగుదలను ‘యంగ్ లైవ్స్’ పరిశోధకులు 2002 నుంచి గమనిస్తూ వచ్చారు. అదే ఏడాది రాష్ట్ర ప్రభుత్వం విద్యా నియమావళిని సవరించి బళ్లలో దండనను నిషేధించింది. ఏడేళ్ల తర్వాత, 2009లో, ఆ అధ్యయనంలోని ఎనిమిదేళ్ల పిల్లలను అడిగారు. గడిచిన వారంలో టీచరు ఎవరినైనా కొట్టడం చూశామన్నవారు పదిమందిలో తొమ్మిది మందికి పైనే. తామే దెబ్బలు తిన్నామన్నవారు 78 శాతం. నెలలో కాదు, ఏడాదిలో కాదు, ఒక్క వారంలో. కంటికి కనిపించే బెత్తమే పిల్లలను దారిలో పెట్టేదైతే, ఆ పిల్లలు వారం వారం దెబ్బలు తినాల్సిన అగత్యం ఏమొచ్చింది?

ఇంతకూ ఆ పిల్లలు చేసిన నేరాలేమిటి? బడికి రాకపోవడం, హోంవర్క్ చేయకపోవడం, చదవడంలో తడబడడం, యూనిఫాం వేసుకోకపోవడం, ఫీజు కట్టకపోవడం. పొలం పనికో చెల్లెలిని చూసుకోవడానికో ఇంట్లో ఆగిపోయిన పిల్లకు, అమ్మానాన్నల చేతిలో డబ్బాడని పిల్లవాడికి పడిన దెబ్బలివి. పేదరికానికి పడిన శిక్షను క్రమశిక్షణ అనడానికి మనసెలా ఒప్పుతుంది? జాతీయ బాలల హక్కుల కమిషన్ ఏడు రాష్ట్రాల్లో 6,632 మంది పిల్లలను అడిగితే, తమకు ఏ శిక్షా పడలేదన్నవారు తొమ్మిది మందే.

విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో ఆగలేదు, మానసిక వేధింపునూ నిషేధించింది. బెత్తం పిల్లల మనసు మీద ప్రభావం చూపుతుందన్నదే దాన్ని సమర్థించేవారి వాదన. ఆ ప్రభావానికి సరైన పేరు బెదిరింపు. పార్లమెంటు తలుపు మూసి పదిహేనేళ్లు దాటాక, దానికి కిటికీ తెరవబోవడం ఏ రకంగానూ సమర్థనీయం కాదు.

ఉపాధ్యాయుల నిస్సహాయత కల్పితమని ఈ పత్రిక అనడం లేదు. కొట్టలేం, తిట్టలేం అంటూ విజయనగరం జిల్లాలో ఒక ప్రధానోపాధ్యాయుడు విద్యార్థుల ముందు సాష్టాంగపడి గుంజీలు తీసింది ఆ మార్చిలోనే. కేరళలోని తామరశ్శేరిలో తోటి విద్యార్థుల దాడిలో పదో తరగతి కుర్రవాడు ప్రాణాలు కోల్పోయిన ఘటన గుండె కలచివేసేదే. కానీ ఆ గొడవ ట్యూషన్ సెంటర్ వీడ్కోలు వేడుకలో మొదలై, ఫోన్లలోని గ్రూపుల్లో ముదిరి, రోడ్డు మీద కొట్లాట అయింది. ఏ మాస్టారి బెత్తం అక్కడిదాకా చేరుతుంది? అక్కసు ఫోన్లలో రాజుకుంటున్నప్పుడే చెవిన వేసుకుని, రెండు వర్గాలనూ కూర్చోబెట్టే పెద్ద మనిషి ఆ పిల్లలకు దొరకలేదు.

కూర్చోబెట్టే పద్ధతి లేకపోలేదు. గొడవ జరిగితే ఎవరికి ఏం నష్టం జరిగింది, దాన్ని చేసినవాడే ఎలా సరిదిద్దాలి అన్నది బాధితుడు, తప్పు చేసినవాడు, ఇద్దరి ఇళ్లవాళ్లు, టీచరు ఒకచోట చేరి తేల్చుకుంటారు. రెస్టొరేటివ్ ప్రాక్టీస్ అనే ఈ విధానాన్ని షికాగో ప్రభుత్వ హైస్కూళ్లలో అమలు చేస్తే సస్పెన్షన్లు 18 శాతం, విద్యార్థుల అరెస్టులు 19 శాతం తగ్గాయని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. మార్కులు పడిపోలేదు. ఇదే విధానం అమలైన పిట్స్‌బర్గ్‌లో మాత్రం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లల చదువు కొంత దెబ్బతిన్నదని ర్యాండ్ పరిశోధన సంస్థ చెప్పింది. దానికి జాగ్రత్తలు వెతకాలి. ‘అయితే కొట్టండి’ అని ఆ నివేదిక ఎక్కడా అనలేదు.

మన దగ్గర దీనికి కొత్త చట్టం అక్కర లేదు. ప్రతి ప్రభుత్వ బడిలో యాజమాన్య కమిటీ ఉండాలని, అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే కావాలని, సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టమే చెబుతోంది. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తల్లిదండ్రులను ఒకే రోజు రాష్ట్రమంతటా బళ్లకు రప్పించగలిగింది. ఆ తల్లులకు ముగ్గులు, ఆటల పోటీలే కాకుండా, తమ పిల్లల తగవులు తీర్చే బాధ్యత కూడా అప్పగించవచ్చు.

జూన్‌లో బళ్లు తెరిచేలోగా రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలూ 17వ సెక్షన్ అక్షరాలా అమల్లో ఉందని ప్రతి హెచ్‌ఎంకూ రాతపూర్వకంగా చెప్పాలి. ప్రైవేటు బళ్లకూ అదే ఉత్తర్వు వెళ్లాలి. తగవులు తీర్చడంలో ఉపాధ్యాయులకు వేసవి సెలవుల్లోనే శిక్షణ ఇవ్వాలి. మండలానికి ఒక కౌన్సెలర్‌నైనా నియమించి జీతానికి బడ్జెట్‌లో పద్దు చూపాలి.