పేషెంటుకి మీరేటవుతారు?

మన వైపు చాలా ఇళ్ళల్లో పెళ్ళి చేసుకోని బాబాయి ఒకడుంటాడు. ఖర్గపూర్ రైల్వేలోనో, చెన్నైలోనో ఉద్యోగం చేసి అన్నదమ్ముల పిల్లల ఫీజులు కట్టినవాడు. "ఆడికి ముందునించీ సంసారం మీద మనసు లేదు" అని ఊరు సరిపెట్టుకుంటుంది. ఆ బాబాయిల్లో గే అయినవాళ్ళూ ఉన్నారు. అలాంటివాళ్ళు కొందరు మన సంఘంలోనే అరవై దాటుతున్నారు. షష్టిపూర్తి ఫొటోల పేజీలో మాత్రం కనిపించరు. ఆ పీటల మీద పక్కన భార్య కూర్చోవాలి కదా!

ఒక సభ్యుడు నవ్వుతూ అన్నాడు: "ఇప్పుడు ఊరెల్తే సంబంధాల మాటెత్తరు. ముసిలితనం నాకు చేసిన మేలు అదొక్కటే."

వయసొచ్చిన ఇద్దరు మగవాళ్ళైనా, ఇద్దరు ఆడవాళ్ళైనా ఇష్టపడి కలిసి ఉంటే నేరం కాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న చెప్పింది. అప్పటికే ఈ సభ్యుడి యవ్వనమంతా దాన్ని నేరమన్న 377 సెక్షన్ నీడన గడిచిపోయింది. అదే ఏడాది అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. ఊళ్ళో ఆ ఏడాదిని తలుచుకునేది దానితోనే, తీర్పుతో కాదు. తర్వాత హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ పెళ్ళి హక్కు కోసం కోర్టుకెక్కారు. 2023 అక్టోబరు 17న తీర్పు వాళ్ళకు వ్యతిరేకంగా వచ్చింది.

దాంతో అమెరికాలో 2015 నుంచి దేశమంతటా చెల్లుతున్న ఇలాంటి పెళ్ళి విజయనగరంలో దిగేసరికి చెల్లదు. ముప్ఫై ఏళ్ళు కలిసి బతికిన మనిషి ఆస్పత్రి కౌంటర్ దగ్గర నిలబడితే, గుమస్తా తలెత్తకుండానే అడుగుతాడు: "పేషెంటుకి మీరేటవుతారు?" "ఫ్రెండ్‌ని" అంటాడు ఈయన. సంతకానికి అన్నగారి అబ్బాయి రావాలంటారు.

ఇలాంటి జంటలు బ్యాంకులో జాయింట్ ఖాతా తెరవొచ్చని, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవచ్చని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. మంచిదే. కానీ నామినీ డబ్బు అందుకుంటాడంతే, వారసుడు కాడు. వీలునామా లేకుండా పోతే, తల్లిదండ్రులూ భార్యాపిల్లలూ లేని హిందువు ఆస్తి 1956 చట్టం ప్రకారం తోడబుట్టినవాళ్ళకు వెళ్తుంది. వీలునామాకు కావలసింది ఇద్దరు సాక్షుల సంతకాలు. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. మనవాళ్ళు ఆ మాటెత్తితేనే అపశకునమంటారు, అది వేరే సంగతి. మతి తప్పే జబ్బు భయపెట్టే వయసు కాబట్టి ఇదీ గుర్తుపెట్టుకోండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద తన ప్రతినిధిగా ఎవరిని పెట్టుకోవాలో మనిషే ముందుగా రాసి ఇవ్వొచ్చు. బంధువే కానక్కర్లేదు.

మన సభ్యత్వ ఫారంలో "భార్య/భర్త" గడిని "జీవిత భాగస్వామి"గా మార్చాలని, వీలునామాల మీద ఒక లాయరుతో సభ పెట్టాలని వచ్చే సర్వసభ్య సమావేశంలో ప్రతిపాదిస్తున్నాం. కాదనేవాళ్ళూ రండి, వింటాం. బాబాయి పంపిన డబ్బుతో ఇంజనీరింగు చదివినవాళ్ళు మాత్రం ముందు వరసలో కూర్చోండి.