మనకు సారథి, వాళ్లకు అకాడమీ



గద్దరన్న బిడ్డ గుమ్మడి వెన్నెల 2024 నవంబర్‌లో తెలంగాణ సాంస్కృతిక సారథి చైర్‌పర్సన్ అయింది. మన వాట్సాప్ గ్రూపుల్లో రెండే మాటలు తిరిగాయి. ‘దళిత ఆడబిడ్డకు కుర్చీ దొరికింది’ అని సగం మంది సంబురం. ‘నాయిన పేరు మీద వచ్చింది’ అని మిగతా సగం ఎకసెక్కెం. అది ఏ కుర్చీ అని మాత్రం ఎవరూ అడగలేదు.

ముందు ఆ ఎకసెక్కెం సంగతి. 2023లో కాంగ్రెస్ ఆమెను సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో నిలబెట్టింది. ఓడిపోయింది. లాస్య నందిత చనిపోయాక 2024లో ఉప ఎన్నిక వస్తే టికెట్ వేరే వాళ్లకు పోయింది. ఆ తర్వాత వచ్చింది ఈ పదవి. దొరల కొడుకులు తండ్రుల పేరు మీద ఎన్ని పదవులు ఏలలేదు? మన బిడ్డ దగ్గరికి వచ్చేసరికే వారసత్వం గుర్తుకొస్తదా?

ఇక కుర్చీ. సారథి 2014లో, రాష్ట్రం వచ్చాక పుట్టింది. మొదటి చైర్మన్ రసమయి బాలకిషన్, ఆయనా మన మనిషే. ఉద్యమంలో ఆడిపాడిన 550 మంది కళాకారులకు అందులో నెల జీతం దొరికింది. ఇది చిన్న పని కాదు. డప్పు కొట్టిన చేతికి సర్కారు జీతం అందడం మన తాతలు చూడలేదు. కానీ ఆ జీతానికి చేసే పని ఏంది? హరితహారం మీద పాట, మిషన్ కాకతీయ మీద పాట. సర్కారు మారింది, పాటలో పథకం పేరు మారింది. జిల్లాలో బృందం డీపీఆర్‌ఓ చెప్పిన ఊరికి పోతది, చెప్పిన పథకం పాడతది. దొరను నిలదీసి ఊళ్లకు ఊళ్లను లేపిన గొంతు అది!

పక్కనే సంగీత నాటక అకాడమీ ఉంది. 2022లో దానికి చైర్‌పర్సన్ దీపికారెడ్డి, 2024లో అలేఖ్య పుంజాల. ఇద్దరూ కూచిపూడి నర్తకులు. వాళ్ల విద్వత్తు మీద నాకు పేచీ లేదు, పేచీ ఈ పంపకం మీదనే. కూచిపూడికి అకాడమీ, డప్పుకు సారథి. ఒకటి కళను కళగా చూసే చోటు, ఇంకోటి కళను మైకుగా వాడుకునే చోటు. ఊరికీ వాడకూ నడుమ ఉన్న గీత సచివాలయం ఫైళ్లలోకి కూడా నడిచిపోయింది.

మా జనగామ జిల్లా గడ్డం సమ్మయ్య గారిని చూడండి. చిందు యక్షగానంలో ఐదు దశాబ్దాలు, 19 వేలకు పైగా ప్రదర్శనలు. 2024లో పద్మశ్రీ ఇచ్చారు. రాష్ట్రం పద్మశ్రీలకు 25 లక్షలు, నెలకు 25 వేల పింఛన్ ప్రకటించింది. సంతోషం. అయితే చిందు ఒక్కడు ఆడే ఆట కాదు. వేషాలకు మనుషులు కావాలె, హార్మోనియం, మద్దెల, తాళం కావాలె, కిరీటాలు మోసే బండి కావాలె. పతకం ఒక్క మెడలో పడితే మేళం అంతా ఏం తింటది? క్లాసులో జానపద కళల పాఠం చెప్తే చిందు పేరు ఒక్క వాక్యంలో వచ్చి పోతది. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి వాళ్లకు ఆ ఒక్క వాక్యం కూడా లేదు.

అమెరికాలో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ అని కేంద్ర కళల సంస్థ ఉంది. 2022లో దాని అధ్యక్షురాలైన మరియా రొసారియో జాక్సన్ నల్లజాతి, మెక్సికన్ మూలాలున్న మనిషి. అట్లాంటి వాళ్లు ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. ఆమె డాక్టరేట్ నగర ప్రణాళికలో. పదవికి ఏళ్ల ముందే, మామూలు జనం బతికే వాడల్లో కళ ఎక్కడ ఉంది, దాన్ని ఎట్లా లెక్కగట్టాలె అని పరిశోధన చేసింది. లెక్కలో లేనిదానికి బడ్జెట్ రాదు గదా.

వెన్నెలక్క చేయగలిగిన మొదటి పని అదే. ఆమె చేతికింద వందల మంది కళాకారులున్నరు. నెలలో కొన్ని రోజులు పథకాల పాటలు ఆపి వాళ్లనే ఊళ్లకు పంపాలె. జనగామలో చిందు మేళాలు ఎన్ని మిగిలినయి? మహబూబాబాద్ తండాల్లో పాత పాటలు ఎవరి నోట్ల ఉన్నయి? డక్కలి పటాలు ఎవరి ఇంట్ల ఉన్నయి? 2019లో ములుగు వేరు జిల్లా అయ్యాక మేడారం అటు పోయింది. భూపాలపల్లి అంటే ఇప్పుడు అధికారులకు బొగ్గు, కాళేశ్వరం. ఆ బొగ్గు కాలనీల పాటను ఎవరు రాసుకుంటరు? ఈ జాబితా పట్టుకొని పోయి అకాడమీలో మన మేళాలకు వాటా అడగాలె.

ఇంకోటి. మన ఆడపిల్ల బాగా పాడితే అందరూ ‘సారథిలో చేరు’ అంటరు. కళల నిర్వహణ చదువుకో, భాషా సాంస్కృతిక శాఖ డైరెక్టర్ కుర్చీ మీద కన్నెయ్యి అని ఎవరూ అనరు. పాడేది మనమే, ఆ పాట మీద నోట్ ఫైల్ రాసేది మాత్రం ఇంకొకరు.

డక్కలి పటం సంగతి వచ్చే భాగంలో రాస్త.