బొమ్మలేని ఆట

సూరత్తు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. మరమగ్గముల పనికై వలసవెళ్లిన పద్మశాలి కుటుంబముల బిడ్డలకు బడి విడిచిన పిదప తెలుగక్షరముతో పనిపడుట అరుదు. అట్టివారికి రంగుల బొమ్మల కంప్యూటరు ఆటలే మందని తలచువారు, బొమ్మ పెరిగినకొలది చదువవలసినది తరుగునని గమనింపరు.

1980 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ విద్యార్థులు కూర్చిన ‘రోగ్’ అను పాత్రధారణ క్రీడలో బొమ్మయే లేదు. ఈ-మెయిలు చిరునామాలలోని ‘ఎట్’ గుర్తు నాయకుడు; అతడు దిగిన నేలమాళిగలలో ఆంగ్లపు పెద్ద అక్షరములు 26ను 26 విధముల శత్రువులు. నాయకుడు చచ్చెనా, ఆట మొదటికే. త్రోవలు మరల క్రొత్తవి. ‘డి’ కదలినంతనే ఆటగాడు డ్రాగనును చూచి బెదరును. రూపమంతయు అతని మనస్సే కల్పించుకొన్నది! ధ్వన్యాలోకము చదివినవారికి ఇది వింత గాదు. 40 ఏండ్లు దాటినను దాని ననుసరించు ఆటలు పుట్టుచునే యున్నవి.

తెలుగునకు గుణింతమను సౌకర్యము గూడ కలదు. ‘పు’ పులికిని, ‘పా’ పామునకును గుర్తులైనచో, కొమ్మును దీర్ఘమును పోల్చలేని బాలుని నాయకుడు పులివాత బడును. ఇంత చురుకైన ఉపాధ్యాయుడు దొరకుట కష్టము. తెలుగు శాఖలు దీనిని బాలచేష్టయని త్రోసిపుచ్చరాదు. పదముల యెంపిక, కథ కూర్పు వానికి చేతనైన పనులే. సూరత్తులోని ఒక తరగతికి సరిపడు చిన్న ఆటతో ఆరంభింపవచ్చును. పాత కంప్యూటరైనను చాలును.